ముంతగూడకు తెలుగు రాకుండా చూచుట

డాక్టర్ గొర్లె హైమావతి ఉద్యోగం, పిల్లలకు తెలుగు రాకుండా చూడడం. నియామక ఉత్తర్వులో ఇంత ముక్కుసూటిగా రాసి లేదు. అక్కడ ఉన్నది ‘సహాయ ఆచార్యులు, ద్వితీయ భాషా బోధన, మూల్యాంకన ఉన్నత పరిశోధన కేంద్రం’ అని మాత్రమే. ఆ కాగితం చూసి వాళ్ళ నాన్న నరసన్నపేటలో స్వీట్లు పంచాడు.

ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో భాష ఉన్న పిల్లలు తమ మొదటి తెలుగు వాక్యాన్ని ఎవరితో, ఏ అవసరం కొద్దీ అంటారన్నది హైమావతి పీహెచ్‌డీ విషయం. నాలుగేళ్ళు కొండ గ్రామాల్లో తిరిగింది. చాలామంది పిల్లల మొదటి తెలుగు వాక్యం ‘నా బంతి నాకిచ్చీ’ అని తేల్చింది. ఆ సిద్ధాంత గ్రంథానికి బయటి పరీక్షకులు ఆచార్య తంగిరాల విశ్వంభరరావుగారు. ఆయన దాన్ని తెరవకుండానే విశేషంగా మెచ్చుకుని, తాను డైరెక్టరుగా ఉన్న కేంద్రంలో ఉద్యోగం ఇచ్చారు.

విశ్వంభరరావుగారు ముప్పై ఏళ్ళుగా ద్వితీయ భాషా రంగంలో ఉన్నారు. ఇన్నేళ్ళలో ఎవరికీ ఏ భాషా నేర్పలేదు. నేర్పేవాళ్ళను కొలిచారు, ఆ కొలతలను కొలిచారు, కొలిచేవాళ్ళకు శిక్షణ ఇచ్చారు. రిటైరయ్యేలోపు ఒక్క పద్ధతైనా తన పేరు మీద ఉండాలని ఆయన కనిపెట్టినదే ‘భాషామృత సోపానం’. గిరిజన బాలబాలికలకు తెలుగును మెట్లుమెట్లుగా ఎక్కించే అట్టముక్కల పద్ధతి. దానికి పెద్ద మొత్తంలో గ్రాంటు కూడా వచ్చింది.

“అమ్మా హైమావతీ, బోధన ఫలం తెలియాలంటే బోధన లేని చోటు ఒకటుండాలి. దీపం వెలుగు తెలియాలంటే పక్కగది చీకటిగా ఉండాలి కదా. అందుకని రెండు ఊళ్ళు తీసుకున్నాం. జిల్లేడుగూడ మన ప్రయోగ బృందం. అక్కడ సోపానం అమలవుతుంది. మధ్యలో పారే వాగుకు, ఆ గెడ్డకు ఇవతల ముంతగూడ నియంత్రిత బృందం. అక్కడ ఏమీ జరగకూడదు. ఆ ముంతగూడ నీ బాధ్యత.”

“పక్కగదిలో కూడా పిల్లలుంటారు కదా సార్?”

“ఉంటారు. వాళ్ళే చీకటి.”

ఈ మాట బాగుందని ఆయనకే అనిపించి, నోట్ చేసుకొమ్మని స్టెనోకు చెప్పారు. ఏడాదిపాటు నమూనా చెడకుండా కాపాడితే అసోసియేట్ ప్రొఫెసర్ ప్రమోషన్‌కు తానే సిఫారసు చేస్తానని కూడా అన్నారు.

హైమావతి ముంతగూడ వెళ్ళేసరికి అక్కడ నిక్షేపంలా పాఠం నడుస్తోంది. ఏకోపాధ్యాయ పాఠశాల. మాస్టారు పేరు ఆరిక సింహాచలం. ఆయన జాతాపు తెగ మనిషి. పిల్లలు సవర తెగవాళ్ళు. వాళ్ళమధ్యే ఉండి వాళ్ళ భాష నేర్చుకున్నాడు. ఒక సంగతిని ముందు సవరలో చెప్పి, పిల్లలు నవ్వాక అదే తెలుగులో చెబుతున్నాడు. రెండోసారి కూడా నవ్వితే పాఠం వచ్చినట్టు లెక్క.

హైమావతి ఆర్డరు చూపించింది. ఆయన రెండుసార్లు చదువుకున్నాడు.

“తెలుగు సెప్పొద్దంటే మరేటి సెప్పమంటారు మేడమ్?”

“లెక్కలు చెప్పండి మాస్టారూ.”

“లెక్కల పుస్తకం తెలుగులోనే ఉన్నాది గదండీ.”

హైమావతి కేంద్రానికి ఫోన్ చేసింది. డైరెక్టరుగారు కాసేపు ఆలోచించి, గణితం విశ్వభాష గనక సైగలతో చెప్పవచ్చన్నారు. పెద్ద సంఖ్యల జోలికి పోవద్దని కూడా సూచించారు.

“సవరలో సెప్పుకుంటానండి. దానికేటీ అడ్డు నేదు కదా?” అన్నాడు సింహాచలం.

మళ్ళీ ఫోన్ చేసింది. మాతృభాషలో బోధన అనేది వేరే ప్రాజెక్టు అనీ, దానికి గ్రాంటు రాలేదనీ, రాని గ్రాంటు పని చేస్తే ఆడిట్ అభ్యంతరం వస్తుందనీ డైరెక్టరుగారు సెలవిచ్చారు. ఆ రోజు నుంచి సింహాచలం మాస్టారు బడికి వేళకు వచ్చి, కుర్చీలో కూర్చుని, పిల్లలను చూస్తూ ఉండేవాడు. పిల్లలు ఆయన్ను చూసేవారు. కొన్నాళ్ళకు విసుగొచ్చి, మధ్యాహ్న భోజనం కాగానే బయటపడి ఊరి మీద తిరగడం మొదలుపెట్టారు.

గెడ్డకు అవతల జిల్లేడుగూడలో సోపానం దేదీప్యమానంగా సాగుతోంది. దాని మొదటి మెట్టు ‘మౌన శ్రవణ దశ’. ఆ దశలో పిల్లలు తెలుగు వినాలి, మాట్లాడకూడదు. అంతకుముందు నుంచీ అంతో ఇంతో తెలుగు మాట్లాడుతున్న పిల్లలు కూడా మెట్టు వచ్చేవరకూ ఆగాలి. ఎవరైనా ఆగలేక నోరు జారితే కిందికి దింపేస్తారు. దసరాకు ముందు రెండో మెట్టు ఎక్కిన ఒక పిల్ల కొట్టుకు వెళ్ళి, ‘నేను ఉప్పును కొనుగోలు చేయుటకు విచ్చేసితిని’ అంది. అది అట్టముక్క మీది వాక్యం. కొట్టు అప్పలనాయుడు బెదిరిపోయి, ఎవరో తనిఖీకి వచ్చారనుకుని ముందు తూకం రాళ్ళు సరిచేసుకున్నాడు.

తొలి మదింపులో ఉపద్రవం వచ్చిపడింది. జిల్లేడుగూడ మార్కులు కదల్లేదు. ముంతగూడ మార్కులు పెరిగాయి.

డైరెక్టరుగారు కాగితాలు తిరగేసి, మరగేసి, హైమావతి వైపు తిరిగారు.

“నీ పిల్లలు కలుషితమవుతున్నారు.”

మర్నాడే ‘భాషా కాలుష్య నివారణ ఉపసంఘం’ ఏర్పడింది. మండల విద్యాశాఖాధికారి పైల గున్నేశ్వరరావు దానికి కన్వీనరు. ఆయన కొత్తగా కొనుక్కున్న నల్లకళ్ళద్దాలతో జీపు దిగి, ముంతగూడలో తెలుగు ఎక్కడెక్కడ ఉందో వెతకడం మొదలుపెట్టారు. చాలా చోట్ల ఉంది. బడి గోడ మీద చేతులు కడుక్కోమన్న నినాదం ఉంది. దానికి సున్నం కొట్టించారు. రేషన్ బియ్యం సంచుల మీద అక్షరాలున్నాయి. సంచులు తిరగేసి కుట్టమన్నారు. చర్చి మీద మైకు తెలుగులో పాడుతోంది. పాటలను రాగం వరకే పరిమితం చేయాలని పాస్టరుగారికి విజ్ఞప్తి చేశారు. బస్సు కండక్టరు ‘దిగండి దిగండి’ అనడం పిల్లలు వింటున్నారని తేలింది. అందుకని బస్సును ముంతగూడ మలుపులో ఆపవద్దని డిపోకు రాశారు.

“సార్, బస్సు ఆగకపోతే వాళ్ళు సంతకెలా వెళ్తారు?” అంది హైమావతి.

“సదరు సంత కూడా కాలుష్య కేంద్రముగా గుర్తించబడినదమ్మా. కావున బస్సు ఆగకుండుట వలన ఉభయ ప్రయోజనములు సిద్ధించును,” అన్నారు గున్నేశ్వరరావు. ఆయన మామూలుగా అందరిలాగే మాట్లాడతారు. ఉపసంఘం కన్వీనరైనప్పటి నుంచి మాట ఇలా మారిపోయింది.

ఊరి పెద్దలను పిలిచి, పిల్లలు తెలుగు జోలికి వెళ్ళకుండా కాపాడుకోవలసిన ఆవశ్యకత గురించి ఆయన గంటసేపు తెలుగులో ఉపన్యసించారు. సింహాచలం దాన్ని రెండు ముక్కల్లో సవరలోకి మార్చాడు. అప్పుడు మార్తమ్మ అనే ఆవిడ వెనక నుంచి లేచి ఏదో అంది. అందరూ తలలూపారు.

“ఏమంటున్నది?” అన్నారు గున్నేశ్వరరావు.

సింహాచలం గొంతు సవరించుకున్నాడు. “మరేటీ నేదు సార్. ఇన్నాళ్ళూ తెలుగు నేర్సుకోండర్రా అని పిలిసి సెప్పినారు, మేం పెద్దగా పట్టించుకోనేదు. ఇప్పుడు ఇంతమంది జీపేసుకొచ్చి మరీ దాస్తన్నారంటే, అందులో ఏదో గట్టి సరుకే ఉన్నాది అంటన్నాదండి.”

ఆ వారం నుంచి ముంతగూడ తెలుగు మీద పడింది. పెద్దలు అడ్డదారిన కొండ దిగి సంతకు వెళ్ళేటప్పుడు పిల్లలను వెంటబెట్టుకునేవారు. సంతలో పిల్లలు బేరాలాడేవారి మోకాళ్ళ దగ్గర కూర్చుని వినేవారు. తిట్లు ముందు వచ్చాయి. అంకెలు తర్వాత వచ్చాయి. తిరగేసి కుట్టిన బియ్యం సంచులను ఇంటికి తెచ్చుకుని, కుట్లు విప్పి చదువుకునేవారు.

అందరికంటే ముదురు మార్తమ్మ కూతురు ఎస్తేరు. పదేళ్ళ పిల్ల. బడి అరుగు మీద కూర్చుని నివేదికలు రాసుకుంటున్న హైమావతి దగ్గరికి వచ్చి, ఒక్కో వస్తువూ చూపించి దాని పేరేమిటన్నట్టు చెయ్యి తిప్పేది. హైమావతి తల వంచుకుని రాసుకునేది. ఒకరోజు ఎస్తేరు ఎదురుగా నిలబడి, “నీకు తెలుగు రాదా?” అని అడిగింది.

“రాదు,” అంది హైమావతి.

పిల్ల పడీపడీ నవ్వింది. “రాదని తెలుగులోనే సెప్పినావు!”

హైమావతికీ నవ్వొచ్చింది. వెంటనే భయమేసింది. తాను నాలుగేళ్ళు ఎండలో పడి వెతికిన సంగతి, ఒక పిల్ల తనంతట తాను భాషలోకి అడుగుపెట్టడం, ఇప్పుడు కళ్ళముందు జరుగుతోంది. దాన్ని ‘కాలుష్య సంఘటన’ అనే గడిలో రాయాలి. రాసింది కూడా.

నివేదిక చూసి కేంద్రం వాళ్ళు బడి అరుగు మీద మాటలు రికార్డు చేసే పెట్టె ఒకటి బిగించారు. దాంట్లో పిల్లల తెలుగు వినబడితే బాధ్యుడైన ఉపాధ్యాయుణ్ణి సస్పెండ్ చేస్తామని తాఖీదు వచ్చింది. సింహాచలం ఆ కాగితం చదివి, పిల్లలను కూర్చోబెట్టి, సవరలో ఏదో చెప్పాడు. ఆ తర్వాత బడి దగ్గర పిల్లలెవరూ తెలుగులో కిక్కురుమనలేదు.

వానలు తగ్గాక జ్వరాలు వచ్చాయి. నర్సమ్మ బడి అరుగు మీదే మందుల పెట్టె పెట్టుకుని కూర్చునేది. ఆమెక్కూడా సర్క్యులరు అందింది, ముంతగూడ పరిధిలో ఆరోగ్య సేవలు సైగల ద్వారా అందించవలెనని. మార్తమ్మ రెండేళ్ళ కొడుకును ఎత్తుకుని వచ్చింది. బిడ్డ వొళ్ళు కాలిపోతోంది. నర్సమ్మ సిరప్ సీసా తీసి, మూత చూపించి, మూడు వేళ్ళు ఎత్తింది. తర్వాత సూర్యుడి వైపు చెయ్యి చూపి, ఆ చేతినే పడమటికి తిప్పింది. మార్తమ్మ తలూపింది. సీసా తీసుకుని, మూత విప్పి, అక్కడికక్కడే బిడ్డకు ఒక మూత పట్టింది. రెండోది పట్టింది. మూడోది వంచుతోంది.

నర్సమ్మ రెండు చేతులూ గాలిలో ఊపింది. తొందర పెడుతోందనుకుని మార్తమ్మ ఇంకా గబగబా వంచింది.

పక్కనే ఎస్తేరు నిలబడి ఉంది. ఏదో పొరపాటు జరుగుతోందని దానికి అర్థమైంది గానీ, మందు లెక్క నర్సమ్మను అడగాలంటే తెలుగులోనే అడగాలి. కళ్ళనిండా నీళ్ళు. రెండు చేతులతో నోరు మూసుకుని, పెట్టె వైపూ, లోపల కుర్చీలో ఉన్న మాస్టారి వైపూ చూస్తోంది. నోరు తెరిస్తే మాస్టారి ఉద్యోగం పోతుంది.

హైమావతి ఒక్క ఉదుటున లేచి సీసా లాక్కుంది.

“పూటకొక్క మూత! పొద్దున ఒకటి, మధ్యాన్నం ఒకటి, రాత్రి ఒకటి! ఎస్తేరూ, అమ్మకు చెప్పవే తల్లీ, నీకు పుణ్యముంటుంది!”

ఎస్తేరు సవరలో చెప్పింది. నర్సమ్మ కూడా సర్క్యులరును మందుల పెట్టెలో పడేసి, మాటలతో మార్తమ్మను చెడామడా తిట్టి, బిడ్డను సాయంత్రం వరకూ తన దగ్గరే పడుకోబెట్టుకుని చూసింది. బిడ్డకు ఏమీ కాలేదు. సింహాచలం లోపలి నుంచి పరుగున వచ్చి, “ఓలమ్మా, ఓలమ్మా,” అని చాలాసేపు అనుకున్నాడు.

పెట్టె మాత్రం తన పని తాను చేసింది. వారానికల్లా హైమావతికి మెమో వచ్చింది. ‘ముంతగూడ నియంత్రిత బృందములో ఇంతవరకు నమోదైన ఏకైక ప్రత్యక్ష తెలుగు బోధన మీరు చేసినదే. సంజాయిషీ ఇవ్వగలరు.’ బిడ్డ ప్రాణం గురించి ఆమె రాసిన జవాబును ఉపసంఘం పరిశీలించి, ప్రాణాపాయం అనేది పరిశోధన నమూనాలో చర రాశిగా చేర్చబడలేదు కాబట్టి పరిగణనలోకి తీసుకోలేమని తీర్మానించింది.

ఆమె ఉద్యోగం ఆ వేసవిలో పోవలసింది. తుది మదింపు వచ్చి నిలబెట్టింది.

ముంతగూడ పిల్లలు కథ చెప్పమంటే కథ చెప్పారు, తగువు పడమంటే తగువు పడ్డారు. బొమ్మలో ఉన్న బేరగాణ్ణి చూపిస్తే, వాడు తూకంలో ఎలా మోసం చేస్తున్నాడో వివరించారు. జిల్లేడుగూడ పిల్లలు ‘నేను విచ్చేసితిని’ దగ్గర ఆగిపోయారు. మూడో మెట్టు వాళ్ళు మాత్రం ‘నేను నిష్క్రమించెదను’ అని లేచిపోయారు. పరీక్షించడానికి వచ్చిన బయటి నిపుణులు ఏది ప్రయోగ బృందమో తామే ఊహించి, ముంతగూడ చూపించి, విశ్వంభరరావుగారి చెయ్యి పట్టుకుని అభినందించారు.

విశ్వంభరరావుగారు ఆ చెయ్యి వదిలించుకోలేదు. రెండు రోజులు గది తలుపు వేసుకుని, మూడో రోజు బయటికొచ్చి, హైమావతిని పిలిపించారు.

“మనం ఇన్నాళ్ళూ పొరబడ్డాం అమ్మా. ప్రయోగం జరిగింది ముంతగూడలోనే. అంత నిష్ఠగా బోధన ఆపడం ఎవరివల్ల అయింది? మనవల్ల! ఇది ఒక పద్ధతి. దీని పేరు శూన్య బోధన.”

“సార్, వాళ్ళు మనం వద్దన్నందుకు నేర్చుకున్నారు. సంతలో నేర్చుకున్నారు. అంతకుముందు సింహాచలం మాస్టారు వాళ్ళ భాషలోంచి వేసిన పునాది ఉంది. అది రాయాలి కదా.”

“సంత అనేది సాహిత్య సమీక్షలో లేదు,” అన్నారాయన అనునయంగా. “నీ మెమో రద్దు చేయించాను. నువ్వన్నది కొద్దిపాటి వాక్యాలే కదా, గణాంకపరంగా ఉపేక్షణీయం. నిన్ను శూన్య బోధనకు రాష్ట్ర సమన్వయకర్తగా వేస్తున్నాను.”

శూన్య బోధన ఎంత వేగంగా వ్యాపించిందో చెప్పడం కష్టం. ఎలా బోధించకూడదో నేర్పే కరదీపిక ఒకటి అచ్చయింది. చేతిలో పట్టడం కష్టమయ్యేంత లావు. ఉపాధ్యాయులను పది రోజులు హోటల్లో పెట్టి, కుర్చీలో ఏ కోణంలో కూర్చోవాలో, పిల్ల ప్రశ్న అడిగినప్పుడు ముఖం ఎలా పెట్టాలో శిక్షణ ఇచ్చారు. అలవాటు కొద్దీ పాఠం చెప్పేసేవాళ్ళను వెనుకబడినవారిగా గుర్తించి పునశ్చరణ తరగతులకు పంపారు. చాలా ఏళ్ళుగా ఏమీ చెప్పకుండా ఉన్న కొందరు సీనియర్లు మాత్రం తమకు గుర్తింపు ఆలస్యంగా వచ్చిందని బాధపడ్డారు.

ముంతగూడ పిల్లల్లో అయిదో తరగతి పూర్తిచేసినవాళ్ళు గురుకుల ప్రవేశ పరీక్ష రాశారు. అందరికీ సీట్లు వచ్చాయి. తెలుగులో ఎస్తేరుకు మొదటి స్థానం. మార్తమ్మ అప్పటికే ట్రంకుపెట్టె కొంది.

సీట్లు నిలిపివేయమని కేంద్రం నుంచి గురుకులానికి లేఖ వెళ్ళింది.

“దీర్ఘకాలిక అధ్యయనం మంజూరైందమ్మా, ఈ పిల్లల మీదే, అయిదేళ్ళు!” అన్నారు విశ్వంభరరావుగారు ఫోన్లో, సంతోషం పట్టలేక. “శూన్య బోధన ప్రభావం అయిదేళ్ళ తర్వాత ఎలా ఉంటుందో చూడాలి. ఈలోపు వాళ్ళు బళ్ళో చేరితే శూన్యం ఎక్కడుంటుంది? ఎవరో ఒకరు ఏదో ఒకటి నేర్పేస్తారు.”

“అయిదేళ్ళూ వాళ్ళు ఏం చెయ్యాలి సార్?”

“ఏమీ చెయ్యకూడదు. అదే కదా పద్ధతి!”

హైమావతి ఆ రాత్రే బయల్దేరి తెల్లారేసరికి కొండ కింద దిగింది. బస్సు ఇప్పటికీ మలుపులో ఆగదు కాబట్టి పైకి నడిచింది. సింహాచలం బడి తలుపు తీస్తున్నాడు.

“మాస్టారూ, పిల్లలను సర్దుకోమనండి. గురుకులానికి పోదాం.”

“ఆపీసోల్లు ఆపీమన్నారంట గదండీ?”

“ఆపమన్నది మా ఆఫీసు. ముంతగూడకు బాధ్యురాలు ఎవరని రాసుంది కాగితాల్లో?”

సింహాచలం తీసిన తలుపు మళ్ళీ దగ్గరికి వేశాడు. “తమరికేటవుద్ది మేడమ్?”

“ఏదో ఒకటవుతుంది. పదండి.”

మార్తమ్మ ట్రంకుపెట్టె నెత్తికెత్తుకుంది. పిల్లలు దారంతా తెలుగులో పోట్లాడుకుంటూ దిగారు. వాళ్ళ మాటల్లో సగం సంతలోని బూతులు. హైమావతి ఒక్కదాన్నీ సరిదిద్దలేదు. గురుకులం ప్రిన్సిపాల్ పద్మజగారు నెమ్మదైన మనిషి. నిలుపుదల లేఖ బయటికి తీసి బల్ల మీద పెట్టి, “మీ కేంద్రానికి అభ్యంతరం లేదని క్షేత్ర బాధ్యులు రాసిస్తే తప్ప చేర్చుకోలేనమ్మా,” అంది. హైమావతి నిలబడే రాసి సంతకం పెట్టింది. పద్మజగారు ఆ సంతకాన్నీ, ఆమె ముఖాన్నీ చూసి, మరో మాట అడగకుండా రిజిస్టరు తెరిచింది. ఎస్తేరు తన పేరు తానే రాసుకుంది. ఇంటిపేరు ముందు రాయాలా వెనక రాయాలా అని ఒక్కసారి మాత్రం ఆగింది.

గేటు బయట సింహాచలం మార్తమ్మకు ఏదో సర్దిచెబుతుండగా హైమావతి ఫోన్ మోగింది.

“అమ్మా, ఢిల్లీ నుంచి పరిశీలకులు వస్తున్నారు. ఎల్లుండి ముంతగూడలో నమూనా మొత్తాన్నీ సిద్ధంగా ఉంచు.”

“నమూనా లేదు సార్. పిల్లలు వెళ్ళిపోయారు.”

“వెళ్ళిపోవడమేమిటి? వలసా? ఇటుకబట్టీలకా? అది ఫరవాలేదు, దానికి సర్దుబాటు సూత్రం ఉంది. ఎక్కడికి పోయారు?”

“బడికి పోయారు సార్.”



“బడికా!” అన్నారు విశ్వంభరరావుగారు, ఇంట్లో దొంగలు పడ్డారన్న కబురు విన్నట్టు. “నీ ప్రమోషన్ ఫైలు నా బల్ల మీదే ఉందమ్మా. తెలుసా?”

“తెలుసు సార్.”

“అయితే ఆ పిల్లలు ఇంక మనకెందుకూ పనికిరారు.”

“రారు సార్,” అంది హైమావతి.